ఎండ పొడ సోకని మందు

"చేత్తో పెట్టొద్దు, గరిటెతో పెట్టు" అనింది అత్త సుబ్బమ్మాళ్, ఇంటికి వచ్చిన చుట్టాల ముందర. అప్పడాన్ని గరిటెతో ఎట్లా పెడతారో ఆ మహాతల్లికే తెలియాల. అయినా తాయమ్మాళ్ లోపలికి పోయి గరిటె తెచ్చుకుని, అప్పడాన్ని దాంట్లో నిలబెట్టి, విరక్కుండా ఆకులో దించింది. చుట్టాలు ఆమె చేతుల కల్లా చూసి, చూడనట్టు తలలు దించుకున్నారు. చూడకుండా ఎట్లా ఉంటారు? మణికట్టు దాకా చామనచాయ మనిషి, అది దాటితే బొగ్గు. వేళ్ళ కణుపులు, గోళ్ళ మొదళ్ళు, చేతుల వెనకభాగం అంతా కాల్చిన వంకాయ తొక్క రంగు. కడిగితే పోయే నలుపు కాదు అది. సీకాయతో తోమింది, చింతపండుతో తోమింది, ఇటికరాయితో కూడా తోమి రక్తం కళ్ళ జూసింది. పోలేదు. ఎనిమిదేండ్ల కింద ఈ ఇంట్లో కాలు పెట్టేనాటికి ఆ చేతులు అట్లా లేవు. అది గుర్తున్నది తాయమ్మాళ్ ఒక్కదానికే.

కోవిల్‌పట్టిలో వైద్యర్ రామసుబ్బు ఇల్లు అంటే ఎవరైనా దారి చూపిస్తారు. తెల్లమచ్చలకు మందు ఆ ఇంట్లో మూడు తరాలుగా ఉండాది. సాత్తూరు నించి, తిరుచ్చులి నించి, ఎక్కడెక్కడి నించో మనుషులు గుడ్డలో మొహం చుట్టుకుని వచ్చేవాళ్ళు. మందు రామసుబ్బుది. పేరు రామసుబ్బుది. తిన్నె మీద చాప వేసుకుని, మచ్చను వేలితో నొక్కి, పెదవి విరిచి, "ఒక మండలం పడుతుంది" అని చెప్పేది రామసుబ్బు. ఇంక బావంచాల గింజలు తెచ్చి ఏరేది, ఏడు దినాలు గోపంచితంలో నానబెట్టేది, ఆ కంపు పీలుస్తా దినం దినం మార్చి పోసేది, పొట్టు తీసేది, అల్లం రసం పోసి కల్వంలో వెన్న మాదిరి అయ్యేదాకా నూరేది, ఇదంతా ఎవరు చేస్తారని ఎవరూ అడగలేదు. ఒకసారి తాయమ్మాళే నోరు తెరిచి, నడుములు పోతా ఉండాయి, నూరడానికి కూలిమనిషిని పెట్టండి అనింది. రామసుబ్బు నవ్వినాడు. "మందు రహస్యం బయటి మనిషి చేతికి ఇస్తారా? నూరేదానికి ఏం తెలివి కావాలే, దోసె తినేవాడు రోటిని తలుచుకుంటాడా?" అన్నాడు. రహస్యం తెలిసినంత దగ్గరిది, పేరు తలవనక్కర లేనంత దూరందీ తనే అని తాయమ్మాళ్‌కు ఆనాడు అర్థమయింది.

ఆ మందుకు ఒక కట్టడి ఉండాది. ఎండ పొడ సోకకూడదు. మామగారి కాలంలో ఎవరో మందు పూసుకుని మధ్యాహ్నం పూట బండి తోలుకుని పోతే ఒళ్ళంతా బొబ్బలెక్కి నానా రభస అయిందంట. అప్పటి నించీ మందు పూసుకున్న మనిషి నీడన ఉండాల్సిందే. మొగవాళ్ళు పని మానుకుని కూచోలేరు కాబట్టి మందు ఇంటికి తీసుకుపోతారు. ఆడవాళ్ళ కోసం పెరటి పక్కన చీకటి కొట్టు ఒకటి కట్టినారు. కిటికీ లేదు. నలభై ఎనిమిది దినాలు దాంట్లో ఉండాల. ఉప్పు తక్కువ, పులుపు లేదు. తగ్గకపోతే పత్యం తప్పినట్టు. తప్పలేదని ఆడది ఏడిస్తే, ముట్టు గుడ్డ నీడ మందు మీద పడి ఉంటుందనేవాడు రామసుబ్బు. ఏ పొద్దూ మందు తప్పు అనే మాట ఆ ఇంట్లో పుట్టలేదు.

మొదటి అనుమానం తాయమ్మాళ్‌కు ఆండి పెట్టిపోయినాడు. పక్క పల్లెలో పత్తి చేను చేసుకునే మనిషి, కాలి మీద అరచెయ్యంత తెల్లమచ్చ. మూడు నెలలకు మళ్ళీ వస్తే ఆ మచ్చలో నల్లచుక్కలు లేచి, ఒకదానికొకటి కలుసుకుని, సగం పూడిపోయి ఉండాది. రామసుబ్బు అతన్ని తిన్నె మీద నిలబెట్టి, పత్యం అంటే వీడిది అని నలుగురికీ చూపించినాడు. పెరట్లో మజ్జిగ పోస్తా ఉంటే ఆండి మెల్లగా అన్నాడు, "ఏం పత్యం తల్లీ, కలుపు టైములో నీడన కూచుంటే కడుపెవరు నింపుతారు? పూసుకున్నా, చేలోకి పోయినా. వైద్యరుకు చెప్పొద్దు." తాయమ్మాళ్ చెప్పలేదు. కానీ ఆ దినం మందు నూరేటప్పుడు తన చేతుల కల్లా చూసుకునింది. కల్వం పెరట్లో ఉండాది. పెరట్లో చెట్టు లేదు, పందిరి లేదు. ఎనిమిదేండ్లుగా తను ఈ మందును ఎండలోనే నూరుతా ఉండాది. చీకట్లో కూచున్న ఆడవాళ్ళ మచ్చలు తెల్లగానే ఉండాయి, మచ్చ లేని తన చేతులు మాత్రం బొగ్గయినాయి. ఈ మందుకు నల్లబరిచే శక్తి లేదా, ఉండాదా? ఉంటే ఎక్కడ ఉండాది? ఆ ఆలోచన రాగానే వెనక్కి తిరిగి అత్త ఎక్కడుందో చూసుకునింది.

సరిగ్గా ఆ నెలలోనే ఆమెకు మచ్చ కనిపించింది. స్నానం చేస్తా ఉంటే ఎడమ పక్కటెముకల కింద చింతగింజంత. సున్నం అంటుకునిందేమో అని రుద్దింది. చింతగింజ పదిహేను దినాలకు రూపాయి బిళ్ళంత అయింది. అప్పటి నించీ తాయమ్మాళ్ బట్ట మార్చుకోవడం కూడా దొంగతనం మాదిరి అయిపోయింది. తెల్లమచ్చల వైద్యరు పెండ్లానికి తెల్లమచ్చ. ఇది ఊరికి తెలిస్తే తిన్నె మీద ఈగ కూడా వాలదు. ఈ ఇంట్లో తెలిస్తే ఏమవుతుందో ఆమెకు తెలియదు, తెలియకపోవడమే ఎక్కువ బయంగా ఉండాది. పుట్టింటికి తోలేస్తారా? తోలితే అమ్మా నాయనా లేరు. విరుదునగర్‌లో అన్న చౌడయ్య ఉన్నాడు, ఒకటే గది, ముగ్గురు పిల్లలు, నాలుగోది కడుపులో. ఎన్ని దినాలు పెడతాడు?

ఇంకో బయం కూడా ఉండాది, అది మెడలోనే వేలాడతా ఉండాది. తాళి పక్కన గోరంత బంగారు బిళ్ళ. రామసుబ్బుకు తాయమ్మాళ్ రెండో పెండ్లాము. మొదటామె రాజమ్మాళ్ వాంతిబేది సంవత్సరం పుట్టింటికి పోయి అక్కడే పోయిందని చెప్పి పెండ్లి చేసినారు. చచ్చిపోయిన సవతి పేరు మీద రెండో ఆమె బిళ్ళ కట్టుకోవాల, లేకపోతే ఆమె వచ్చి పట్టుకుంటుందంట. ఏటేటా ఆడి మాసం శుక్రవారం ఆమె పేరుతో చీరె పెట్టి, పసుపు కుంకం పెట్టి, బతికున్న ఆమె ఆ చీరె కట్టుకోవాల. ఎనిమిదేండ్లుగా తాయమ్మాళ్ ఆ పని తప్పకుండా చేస్తా ఉండాది. అక్కా, నన్ను చల్లగా చూడు అని దండం పెడుతుంది. బతికున్నవాళ్ళు ఎవరూ చూడటం లేదు కాబట్టి చచ్చినామెనయినా అడుక్కోవడంలో తప్పేముంది?

ఈసారి ఆ చీరె కోసం పాత పెట్టె తెరిస్తే అడుగున ఒక రవికె దొరికింది. ముతక గుడ్డ, ముంజేతి దాకా చేతులు, మణికట్టు దగ్గర గుండీలు. తాయమ్మాళ్ దాన్ని పట్టుకుని చాలాసేపు నిలబడిపోయింది. కోవిల్‌పట్టి ఎండకు ఆడవాళ్ళు రవికె వేసుకునేదే తక్కువ. మణికట్టు దాకా చేతులు మూసుకుని తిరిగే అవసరం ఎవరికి వస్తుంది? అత్తను అడిగింది, అక్క ఏ నెలలో పోయింది అత్తా అని. "ఐపసిలో" అనింది అత్త. పోయినేడు ఇదే మాట అడిగితే "మాసిలో" అనింది. కొడుకు కాపరం కూలిపోయిన నెల తల్లికి గుర్తుండదా? తాయమ్మాళ్ రవికెను మడిచి ఉన్నచోటే పెట్టేసింది. ఆ దినం నించీ బిళ్ళ గుండెకు తగిలినప్పుడల్లా ఆమెకు ఒకటే అనిపించేది, రేపు మూడోది ఎవతో వచ్చి నన్ను కూడా మెడలో వేసుకుంటుంది.

అనుమానం ఒకరికే ఉంటే అది ఇల్లు ఎట్లా అవుతుంది? అత్తకు కోడలి మీద అనుమానం మొదలయింది. శుక్రవారం తలంటుకు వీపు రుద్దుతాను రా అని ఎప్పుడూ లేని ప్రేమ చూపించింది. తాయమ్మాళ్ ఒక వారం జొరం అనింది, ఒక వారం ముట్టు అనింది, మూడో వారం గబగబా ముందే పోసుకునేసింది. ఇంకోవైపు, తెల్లారి పనులు కాగానే గిన్నెలో కాస్త మందు దాచుకుని మిద్దె ఎక్కుతా ఉండాది. మందు ఎండను చూస్తే ఏమవుతుందో తన ఒంటి మీద చూసుకోవాలని. మొదటి దినం తెలివి లేక నడినెత్తి ఎండలో నిలబడింది. సాయంత్రానికి పక్క అంతా మండింది, తెల్లారేసరికి ఉద్దిపప్పంత బొబ్బలు. మూడు దినాలు పైట రాసుకుంటే ప్రాణం పోయేది, అయినా నీళ్ళు తోడింది, పిండి రుబ్బింది, అత్త ముందర నవ్వింది కూడా. బొబ్బలు మానినాక మచ్చ లోపల ఆవగింజంత నల్లచుక్క ఒకటి కనిపించింది. ఒకటే. దాన్ని చూసి ఆమె మిద్దె మీదే కూచుని ఏడ్చేసింది.

"పొద్దున్నే మిద్దె మీద ఏం పని?" అని రామసుబ్బు అడిగినాడు. వడియాలు అనింది. ఆ మాట నిలబెట్టుకోడానికి దినమూ వడియాలు పెట్టాల్సి వచ్చింది. గుమ్మడి వడియాలు, పేలాల వడియాలు, ఉల్లి వడియాలు, ఆ ఏడు ఆ ఇంట్లో పెట్టినన్ని వడియాలు ఏ పెండ్లింట్లోనూ పెట్టి ఉండరు. మిద్దె మీది నించి ఎవర్ని చూస్తా ఉండాదో కనిపెట్టమని తల్లి కొడుక్కు చెప్పడం తాయమ్మాళ్ చెవిన పడింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆడది మిద్దె ఎక్కితే మొగవాడి కోసమే అనుకునేవాళ్ళకు, చర్మం కోసం ఎక్కిందని చెప్పినా తలకెక్కదు.

చీకటి కొట్టులో అప్పుడు వళ్ళి అనే పిల్ల ఉండాది. ఇరవై నిండలేదు, కుడి చెంప మీద తెల్లమచ్చ. ఒక మండలంలో తగ్గకపోతే మొగుడు ఏలుకోడని వాళ్ళ అత్తింటివాళ్ళు చెప్పి పంపినారు. రెండు పూటలా సంకటి ముద్ద లోపల పెట్టేది తాయమ్మాళే. తలుపు కొంచెం తీయగానే వెలుతురు పడిన మొహం పక్కకు తిప్పుకునేది ఆ పిల్ల. ఒకనాడు, అక్కా, నాకు తగ్గుతుందా అని అడిగింది. తగ్గుతుందని చెప్పి తాయమ్మాళ్ తలుపు మూసింది. మూసిన చేతిని చూసుకుంటే తన మీద తనకే అసహ్యం వేసింది.

నల్లసామి అనే మనిషి విరుదునగర్ నించి వచ్చింది ఆ వారమే. మామకు మచ్చలని మందు అడగడానికి వచ్చినాడు. మాటల్లో, మా ఊళ్ళో మిరపకాయల మండిలో పనిచేసే ఒకామె కూడా ఇట్లాంటి మందే ఇస్తుంది, ఇదే కంపు, కానీ ఆమె ఎండలో కూచోబెడుతుంది, కొందరికి తగ్గతా ఉండాది అన్నాడు. తాయమ్మాళ్ చెంబుతో నీళ్ళు తెచ్చి గడప దగ్గర నిలబడి ఉండాది. రామసుబ్బు నోట్లో వక్కాకు నమిలేది ఆగిపోయింది. ఆ మందు ముట్టుకుంటే తోలు ఊడిపోతుంది, జాగ్రత్త అని గట్టిగా చెప్పినాడు. చెప్పి, గొంతు తగ్గించి అడిగినాడు, "ఆమె చేతులు ఎట్లా ఉంటాయి?" నల్లసామి గడప కల్లా చూసి, ఈ అమ్మ చేతుల మాదిరే అన్నాడు.

మందు గురించి అడగొచ్చు. ధర అడగొచ్చు. ఎవరి మనిషి అని అడగొచ్చు. చేతుల గురించి ఎందుకు అడిగినాడు? తాయమ్మాళ్ చెంబు అక్కడే పెట్టేసి పెరట్లోకి పోయి కల్వం ముందర కూచునింది. ఈ లోకంలో ఇట్లాంటి చేతులు రావాలంటే ఈ మందు ఏండ్ల తరబడి నూరి ఉండాల. ఈ ఇంటి కోడళ్ళు తప్ప ఎవరు నూరినారు? ఒకప్పుడు అత్త నూరింది, మానేసినాక ఆ నలుపు ఏండ్ల మీద దిగిపోయింది, అయినా అత్త ఇక్కడే ఉండాది. తను ఇక్కడ ఉండాది. ఇంక మిగిలింది ఒకరే. ఆ ఒకరికి తను నెల కింద చీరె పెట్టి దండం పెట్టింది.

వదినె కాన్పు సాకు దొరికింది. అన్న కార్డు రాసినాడు, చేదోడుకు చెల్లెల్ని పంపమని. పది దినాలంటే అత్త ఐదు దినాలకు ఒప్పుకునింది. పోయేముందు మందు రెండు వారాలకు సరిపడా నూరిపెట్టి పొమ్మనింది. తాయమ్మాళ్ నూరిపెట్టి, రైలెక్కింది. విరుదుపట్టికి విరుదునగర్ అని పేరు మార్చి పదేండ్లయినా బండిలో ముసలోళ్ళు ఇంకా విరుదుపట్టి అనే అంటా ఉన్నారు. పేరు మారిస్తే మనిషి మారిపోదు, చచ్చిందంటే చచ్చిపోదు అని ఆమె కిటికీ పక్కన కూచుని అనుకునింది.

కాన్పయిన మూడో దినం, వదినెకు కారం ముద్ద పెట్టేసి, పిల్లల్ని పక్కింటామెకు అప్పజెప్పి మండికి పోయింది. వాకిలంతా మిరపకాయలు ఆరబోసి ఉండాయి. తుమ్ములు ఆపుకుంటా నిలబడితే ఆ ఘాటులో ఒక మనిషి కొంగు ముక్కుకు కట్టుకుని కాలితో కాయల్ని తిరగేస్తా ఉండాది. నలభైకి దగ్గర వయసు. చేతులు మణికట్టు దాకా బొగ్గు, వేలికొనలు మాత్రం పాల తెలుపు. ఇద్దరూ ఒకరి చేతులు ఒకరు చూసుకున్నారు. పేర్లు చెప్పుకునే పని లేకపోయింది. ఆమె దగ్గరికి వచ్చి, తాయమ్మాళ్ మెడలో బిళ్ళను రెండు వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ తిప్పింది.

"ఇదేనా నేను?" అనింది. "ఇంత చిన్నదాన్నా?"

తాయమ్మాళ్ అక్కడే మూటల మీద కూచుండిపోయింది. రాజమ్మాళ్ నీళ్ళు తాగించి, పక్కన కూచుని, కాయల తొడిమలు తీస్తానే తన కథ చెప్పింది. చేతులకు మచ్చలు వచ్చినాయి. రవికె కుట్టించి మూసినారు. చీకటి కొట్టులో మూడు మండలాలు పెట్టినారు. తగ్గలేదు. ఒకనాడు తెల్లవారుజామున పాత చీరెలు రెండు, మందు కుండ ఒకటి ఇచ్చి తిరుచ్చులి పక్క అవ్వ ఇంటికి తోలేసినారు. ఆ ఏడు వాంతిబేది ఊళ్ళను ఊడ్చేస్తా ఉండాది, చచ్చిందని చెబితే నమ్మనివాడు లేడు. పదహారో దినం కర్మ చేసి ఊరికి అన్నం పెట్టినారంట. అవ్వ పోయినాక కూలికి ఈ మండికి వచ్చింది. మందు ఎందుకు పూసుకునిందో ఆమెకే తెలియదు, ఇంకేం చెయ్యాలో తెలియక పూసుకునింది. ఎండలో పని. మొదట బొబ్బలెక్కితే మిరపకాయల మంట అనుకునింది. బొబ్బలు మానిన చోట ఆవాలు చల్లినట్టు నల్లచుక్కలు లేస్తే అప్పుడు బుద్ధి వెలిగింది.

"వైద్యం ఎవరూ నేర్పలేదు, కాల్చుకుని కాల్చుకుని నేర్చుకున్నా" అనింది రాజమ్మాళ్. మందును మంచినూనెతో పల్చగా చెయ్యాల, చర్మం పైకి కనిపించేంత పల్చగా. పొద్దుటి ఏటవాలు ఎండ చాలు. మొదటి దినం ఒక తమలపాకు నమిలేంత సేపు. కడిగేయాల. మూడు దినాలకొకసారి ఇంకో ఆకు పెంచాల. మరునాటికి ఎరుపు పోకపోతే ఆపేయాల. పెదవికి ఎక్కదు, వేలికొనలకు ఎక్కదు, అది ముందే చెప్పేయాల. అందరికీ ఎక్కదు కూడా. ఇవన్నీ ఆమె గుక్క తిప్పుకోకుండా చెప్పింది, తాయమ్మాళ్ ఒక్కొక్కటీ వేళ్ళు మడిచి మనసులో పెట్టుకునింది. చివరికి, అక్కా, నువ్వు బాగయిన సంగతి వాళ్ళకు తెలియదు గదా, తెలిసుంటే ఆ కొట్టు తెరిచి ఉండేవాళ్ళు గదా అనింది. అప్పటికీ మొగుడి మీద ఒక చిటికెడు నమ్మకం మిగిలి ఉండాది, పాపం.

రాజమ్మాళ్ తొడిమలు తీసేది ఆపింది. "ఎందుకు తెలియదు? ఆరేండ్ల కింద నేనే రైలెక్కి వచ్చినా. ఏలుకోమని కాదు. ఎంతమంది ఆడోళ్ళో ఆ చీకట్లో కుళ్ళిపోతారని వచ్చినా. తిన్నె మీద ఒక్కడే ఉన్నాడు. నా చెయ్యి పట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, వేలితో నొక్కి, రోగిని చూసినట్టు చూసినాడు. ఎండ సంగతి, నూనె సంగతి, ఆకు లెక్క అన్నీ చెప్పినా. అన్నీ విన్నాడు. విని, నీ పేరుతో ఊరంతా అన్నం తినేసింది, మళ్ళీ ఈ వైపు రావద్దు అన్నాడు. అప్పుడు పెరట్లో కల్వం శబ్దం వినిపిస్తా ఉండాది. నువ్వే."

ఆరేండ్లు. ఆరేండ్లలో ఆ కొట్టులోకి పోయిన ఆడవాళ్ళ మొహాలు తాయమ్మాళ్ ఒకటొకటిగా గుర్తు చేసుకునింది. సగంమంది పేర్లు కూడా గుర్తు రాలేదు, సంకటి ముద్ద అందుకున్న చేతులు మాత్రం గుర్తొచ్చినాయి. తెలియక చేసినాడంటే క్షమించొచ్చు. మందు బావంచాలే, ఎండ ఊరందరిదీ, ఇంక వైద్యరు ఎందుకు అని జనం అడుగుతారని బయపడినాడా? నాయన మాట తప్పని ఒప్పుకోలేకపోయినాడా? లేకపోతే ఎవరు చెప్పినారని అడిగితే చచ్చినామె చెప్పిందని చెప్పాల్సి వస్తుందనా? ఏదయితేనేం. ఎనిమిదేండ్లు ఆ మనిషి కాళ్ళు పట్టినందుకు ఆమెకు తన చేతుల మీద మొదటిసారి కోపం వచ్చింది. లేచేముందు పైట కొంచెం పక్కకు తీసి తన మచ్చ చూపించింది. రాజమ్మాళ్ వంగి చూసి, నాలుగు చుక్కలు లేచినాయి, దారిలో పడింది అని చెప్పి, పైట తానే సర్దింది. ఈ సంగతి బయట పెట్టేదా అక్కా అని తాయమ్మాళ్ అడిగింది. "చచ్చినదాన్ని, నన్నింకేం చేస్తారు? నీ సంగతి చూసుకో" అనింది రాజమ్మాళ్.

నీ సంగతి. వెనక్కి వచ్చే బండిలో తాయమ్మాళ్ అదే చూసుకునింది. నోరు మూసుకుంటే మిద్దె మీద వడియాల సాకుతో ఇంకో ఏడాదికి తన మచ్చ మాయమవుతుంది, ఇల్లు నిలుస్తుంది, అన్నం పుడుతుంది. నోరు తెరిస్తే మిగిలేది అన్న ఒంటిగది, మిరపకాయల మండి. సాత్తూరు దాటేదాకా నోరు మూసుకోవాలనే అనుకునింది. అబద్ధం ఎందుకు, గట్టిగానే అనుకునింది. కానీ ఆ పిల్ల, వళ్ళి, తగ్గుతుందా అని అడిగినప్పుడు మొహం తిప్పుకున్న తీరు కళ్ళ ముందర నించి పోలేదు. ఇంకో పన్నెండు దినాల్లో ఆ పిల్ల మండలం ముగుస్తుంది.

మరునాడు సోమవారం. ఏడు గంటలకే తిన్నె నిండా జనం. కయత్తారు నించి వచ్చిన అన్నదమ్ములు, మొహానికి గుడ్డ కట్టుకున్న ఒక ముసలామె, ఏళ్ళ తరబడి వైద్యరుకు తోడు కూచునే వీధి పెద్దమనుషులు ఇద్దరు. తాయమ్మాళ్ వాకిలి ఊడ్చి, ముగ్గు పెట్టి, పెరట్లోకి పోయి చీకటి కొట్టు తలుపు గడి తీసింది. వళ్ళి కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకునింది. రమ్మంటే రాలేదు. వైద్యరు కొడతాడని ఏడ్చింది. తాయమ్మాళ్ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఇంట్లో నించి నడిపించుకుంటా, అత్త నోరు తెరిచేలోపల వీధి వాకిలికి తెచ్చి, ఏటవాలు ఎండ పడేచోట పీట వేసి కూచోబెట్టింది. నూనె కలిపిన మందు చెంప మీద పల్చగా పూసింది. నడుము దగ్గర సంచిలో నించి ఒక తమలపాకు తీసి ఆ పిల్ల నోట్లో పెట్టి, నమలడం అయిపోయేదాకా లేవొద్దు అని చెప్పింది.

సుబ్బమ్మాళ్ గుండెలు బాదుకుంటా వచ్చి, ఎండ పొడ సోకితే పిల్ల చచ్చిపోతుంది, దీనికి పిచ్చి పట్టింది అని అందరికీ చెప్పింది. చావదు అత్తా, నేను చచ్చినానా అని తాయమ్మాళ్ ఎడమ పక్క పైట ఎత్తింది. వీధిలో, మొగవాళ్ళ ముందర, పక్కటెముకల కింద మచ్చ, దాని నడుమ నల్లచుక్కలు. ముసలామె మొహం మీది గుడ్డ తానే తీసేసి ముందుకు వంగి చూసింది. ఇంక దాచేదేమీ లేదు కాబట్టి తాయమ్మాళ్‌కు బయం కూడా లేకపోయింది, అది ఆమెకే ఆశ్చర్యం.

రామసుబ్బు చాప మీది నించి లేచి వచ్చినాడు. మచ్చ కల్లా చూడలేదు. వళ్ళి చెంప మీద నూనె మెరుస్తా ఉండాది, దాన్ని చూసినాడు, ఆ పిల్ల నోట్లో ఆకును చూసినాడు, చూసేకొద్దీ మొహంలో నెత్తురు పోయింది. తాయమ్మాళ్ కనిపెట్టింది, ఆ మనిషికి ఆకు లెక్క గుర్తుండాది. అయినా జనం చూస్తా ఉన్నారు గదా, గొంతు పెంచినాడు.

"మూడు తరాల మందు ఇది. ఎండలో పెట్టమని నీకు ఎవరు చెప్పినారే?"

తాయమ్మాళ్ పైట సర్దుకునింది. పదహారో దినం అన్నం తిన్న ఆ ఇద్దరు పెద్దమనుషులకూ, సుబ్బమ్మాళ్‌కూ, వీధి చివరి దాకా వినపడేటట్టు, నిదానంగా చెప్పింది.

"మీ పెద్ద పెండ్లాము. రాజమ్మక్క. విరుదునగర్‌లో బాగానే ఉండాది. మిమ్మల్ని అడిగినానని చెప్పమనింది."